అందరికీ ఒప్పిన సంచి

అనగా అనగా, కొండలకు మనుషులు ఇంకా పేర్లు పెడుతున్న రోజుల్లో, కాలగిరి అనే రాజ్యం ఉండేది. దానికి ఉగ్రకేతుడు రాజు. మంచి రాజా, చెడ్డ రాజా అని అప్పుడే అడగకండి పిల్లలూ. వింటూ ఉండండి, మీకే తెలుస్తుంది.

ఉగ్రకేతుడికి ఒకటే పిచ్చి. నల్లకొండ కొమ్మున కోట కట్టాలి. వాళ్ళ తాత పునాది తవ్వించాడు, తండ్రి గోడలు లేపించాడు, తాను బురుజులు ఎత్తాలనుకున్నాడు. కొండ నిట్టనిలువు. బండి ఎక్కదు. ఎద్దు ఎక్కితే కాలు జారుతుంది. అందుకని రాయీ, సున్నమూ, ఇసుకా మనుషులే మోయాలి. మోసినందుకు కూలి లేదు, గంజి కూడా లేదు. దాన్ని వెట్టి అనేవాళ్ళు.

వెట్టికి ఎవరు పోవాలో తేల్చడానికి ఆ దేశంలో ఒక వింత ఆచారం ఉండేది. కొండ కింద ఒక రాతి స్తంభం. దానికి ఒక తోలు సంచి వేలాడుతూ ఉండేది. తాతరాజు కాలం నాటి సంచి. మొండి తోలు, ఒకటే పట్టీ, ఒకటే కొలత. తలారి ఆ సంచిలో రాళ్ళు నింపి మనిషి ఎడమ భుజానికి తగిలించేవాడు. ఆ మనిషి చేతులు వదిలేసి స్తంభం చుట్టూ తిరగాలి. సంచి నిలిస్తే "ఒప్పింది" అనేవాడు తలారి. ఇక ఆ మనిషి అలాంటి సంచే తగిలించుకుని కొండ ఎక్కాల్సిందే. జారి పడితే "ఒప్పలేదు, ఇంటికి పో" అనేవాడు.

ఆ పట్టీ ఎదిగిన మగవాడి కొలతకు కోసింది. అందుకని పిల్లల భుజాన నిలిచేది కాదు. ముసలివాళ్ళ వాలిన భుజాల మీద నిలిచేది కాదు. కడుపుతో ఉన్నవాళ్ళకూ, చేయి లేనివాళ్ళకూ, గూనివాళ్ళకూ అసలే ఒప్పేది కాదు. ఒప్పినవాళ్ళకు మాత్రం నరకమే. మొండి తోలు ఒక్క భుజాన్నే ఒరుసుకుని పుండు చేసేది. ఆ పుండు మానకముందే మళ్ళీ సంచి ఎక్కేది. దేశమంతా ఆ సంచిని నోరారా తిట్టేది. ఆ వికారపు సంచే దేశంలో సగంమందిని కాపాడుతోందని ఒక్కరికీ తోచలేదు.

కొండ కింది ఊళ్ళో కుప్పమ్మ అనే ఆమె ఉండేది. గోతాలూ, జోలెలూ, గాడిద వీపున వేసే జంట సంచులూ కుట్టడం ఆమె పని. ఆమె కుట్టు విప్పాలంటే గుడ్డ చిరగాలిగాని దారం తెగేది కాదు. భర్త దాసప్ప ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి కాబట్టి, ఏళ్ళ తరబడి వెట్టికి పోతూనే ఉన్నాడు. సాయంత్రం ఇంటికొస్తే కుప్పమ్మ అతని భుజం మీద తడిగుడ్డ వేసేది. గుడ్డ తీస్తే దాంతోపాటు చర్మం ఊడివచ్చేది. దాసప్ప పళ్ళు బిగబట్టుకుని కూర్చునేవాడు. ఏడుపు కుప్పమ్మకే వచ్చేది.

"ఈ సంచి కుట్టినవాడి చేతులు పడిపోను! ఉండయ్యా, నీకు నేను మంచి సంచి కుడతాను" అందొక రోజు.

మొదట పట్టీని వెడల్పు చేసింది. భుజం పుండు తగ్గిందిగాని నడుం ఒక పక్కకు వంగిపోయింది. తర్వాత రెండు భుజాలకూ రెండు పట్టీలు పెట్టింది. దాసప్పకు హాయిగా ఉంది. కానీ అదే సంచి పక్కింటి పొట్టివాడు వేసుకుంటే పిర్రల మీద కొట్టుకుంది, ఎదురింటి పొడుగువాడి చంకలు కోసుకుపోయాయి. మూడోసారి ఏం చేయాలో తోచక, తోలుముక్క ఒళ్ళో పెట్టుకుని పెరట్లో కూర్చుంది. ఎదురుగా గాడిద మేత మేస్తోంది. దాని పొట్ట కింది పట్టీకి వరసగా బెజ్జాలు, ఒక బెజ్జంలో కొయ్య చీల.

"ఎంత బాగుందే నీ పట్టీ! నువ్వు చిక్కినా బలిసినా సరిపోతుంది" అంది కుప్పమ్మ.

ఆ కాలంలో గాడిదలు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయేమో, మనమే పలకరించడం మానేశాం.

"అవును తల్లీ" అంది గాడిద. "నేను పిల్లగా ఉన్నప్పుడు ఈ పట్టీ వదులై జారిపోయేది. జారిపోయినన్నాళ్ళూ గడ్డిలో గంతులేశాను. ఒకరోజు మీ ఆయన పట్టీకి ఇంకో బెజ్జం పొడిచాడు. చక్కగా సరిపోయింది. ఆ పొద్దుతో నా గంతులు అయిపోయాయి."

"అయ్యో పాపం" అంది కుప్పమ్మ. అందిగాని, ఆమె మనసు మాట మీద లేదు, బెజ్జాల మీద ఉంది. చేతులు అప్పటికే తోలు కోస్తున్నాయి. పనిలో మంచి చేయి ఉన్నవాళ్ళకు తరచూ వచ్చే జబ్బే ఇది.

అలా పుట్టింది కొత్త సంచి. నాలుగు మూలలా నాలుగు కొయ్య కడియాలు. కడియాల్లోంచి జారే మెత్తటి తోలు పట్టీలు. పట్టీల నిండా బెజ్జాలు, బిగించడానికి చీలలు. చీల మార్చితే పట్టీ పొట్టిదవుతుంది, పొడుగవుతుంది. కడియం మార్చితే అదే సంచిని రెండు భుజాలకు వేసుకోవచ్చు, ఒక భుజాన అడ్డంగా వేసుకోవచ్చు, నుదుటికి తగిలించుకోవచ్చు, నడుముకు కట్టుకోవచ్చు. దాసప్ప దాన్ని వేసుకుని వాకిట్లో అటూ ఇటూ తిరిగి, పెళ్ళికొడుకులా నవ్వాడు.

"ఇది నా ఒక్కడికే ఎందుకే? రాజుగారికి చూపించు. అందరి భుజాలూ బతుకుతాయి" అన్నాడు.

కుప్పమ్మ కొలువుకు పోయింది. ఉగ్రకేతుడు సంచిని తిప్పి తిప్పి చూశాడు.

"పొట్టివాడికి ఒప్పుతుందా?" అని అడిగాడు.

"ఒప్పుతుంది మహాప్రభో."

"ముసలివాడికి?"

"నడుముకు కట్టుకుంటే వాళ్ళకీ ఒప్పుతుంది మహాప్రభో."

"అయితే ఒప్పనిది ఎవరికి?"

"ఒప్పనివాళ్ళంటూ ఉండరు మహాప్రభో. ఇది అందరికీ ఒప్పే సంచి" అంది కుప్పమ్మ గర్వంగా.

రాజు నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె పొంగిపోయింది. ఆయన పట్టుశాలువా కప్పించాడు. ఊరంతా కలిసి అలాంటి సంచులే కుట్టాలని ఆజ్ఞ వేశాడు. స్తంభానికి వేలాడే పాత సంచిని తీయించి పొయ్యిలో పెట్టించి, అక్కడ కొత్తది తగిలించాడు.

కొన్నాళ్ళు అంతా బాగానే ఉంది. దాసప్ప భుజం మీద కొత్త చర్మం వచ్చింది. వెట్టికి పోయేవాళ్ళు దారిలో కుప్పమ్మ కనిపిస్తే చేతులెత్తి మొక్కేవాళ్ళు. ఆమెకు మరో సంతోషం కూడా ఉంది. కూతురు వెంగమ్మను, కొండల మధ్య నిటారు దారి అయిన కనుమకు అవతలి దేశంలో ఇచ్చారు. ఆమెకిప్పుడు తొలిచూలు. ఐదో నెలలో, ఇంకా ఒళ్ళు తేలిగ్గా ఉండగానే, తండ్రి చేయి పట్టుకుని కనుమ దాటి పురిటికి పుట్టింటికి వచ్చింది. కుప్పమ్మ పగలు సంచులు కుట్టేది, పొద్దు వాలాక పుట్టబోయే బిడ్డకు బొంతలు కుట్టేది.

అప్పుడు ఒక పొద్దున తలారి, ఒంటిచేతి కదిరప్పను స్తంభం దగ్గరికి పిలిచాడు.

కదిరప్ప చిన్నప్పుడే ఎద్దు కుమ్మి చేయి పోగొట్టుకున్నవాడు. ఏటా ఒకసారి వచ్చి భుజం చూపించేవాడు, సంచి జారేది, నవ్వుతూ ఇంటికి పోయేవాడు. ఈసారి తలారి పట్టీని నుదుటికి తగిలించాడు. బెజ్జం మార్చి చీల బిగించాడు. కదిరప్ప స్తంభం చుట్టూ తిరిగాడు. సంచి కదల్లేదు.

"ఒప్పింది" అన్నాడు తలారి.

ఆ సాయంత్రం కదిరప్ప కుప్పమ్మ గడప ముందు ఆగాడు. నుదుటి మీద పట్టీ గుర్తు ఎర్రగా కమిలి ఉంది. "నీ చేతి చలవ తల్లీ! ఒంటిచేతివాడికి కూడా రాజుగారి కొలువు దొరికింది" అన్నాడు. అది మెచ్చుకోలు కాదని కుప్పమ్మకు తెలుసు. అయినా లోపలికి పోయి దారం ఎక్కించుకుంది. 'ఒక్కడికేగా' అనుకుంది.

తర్వాత ఆమె అత్త సుంకులమ్మ వంతు వచ్చింది. పళ్ళన్నీ ఊడిపోయిన ముసలిది. వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో సరసాలాడడం తప్ప వేరే పని లేనిది. తలారి పట్టీని ఆమె నడుముకు కట్టాడు.

"ఇదేందిరా నాయనా, ఈ వయసులో నాకు వడ్డాణం పెడుతున్నావు!" అంది సుంకులమ్మ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వుతూనే స్తంభం చుట్టూ తిరిగింది.

"ఒప్పింది" అన్నాడు తలారి.

ఆమె కొండ సగం ఎక్కి ఒక మెట్టు మీద కూర్చుంది. దమ్ము తీసుకుంటోందనుకున్నారు. ఎంతకీ లేవకపోతే భుజం తట్టి చూశారు. ప్రాణం పోయి ఎంతసేపయిందో తెలియదు. ఒరిగిపోయినా ఆమె నడుము నుంచి సంచి మాత్రం జారలేదు. కుప్పమ్మ అంత బాగా కుట్టింది.

దినవారాలు అయ్యీ కాకముందే కుప్పమ్మ శాలువా తీసుకుపోయి రాజు కాళ్ళ దగ్గర పెట్టింది.

"మహాప్రభో, నా సంచి నాకు ఇచ్చేయండి. పాత కొలతకే మళ్ళీ కుట్టి ఇస్తాను. నా చేతులతో నేనే కుడతాను" అని ఏడ్చింది.

"ఎందుకు? బాగుందిగా" అన్నాడు ఉగ్రకేతుడు.

"ముసలివాళ్ళు పోతున్నారు మహాప్రభో. చేతకానివాళ్ళు పోతున్నారు. వాళ్ళను మునుపు వదిలేసేవారు."

"నేను చట్టం ఏమైనా మార్చానా? సంచి ఒప్పినవాడు మోయాలని మా తాత పెట్టాడు. నేనూ అదే అంటున్నాను. ఒప్పేటట్టు కుట్టింది నువ్వు."

కుప్పమ్మ ఆ మాటలో తప్పేమిటో వెతికింది, దొరకలేదు. అదే ఆమెకు ఎక్కువ నొప్పి కలిగించింది.

"అయితే మమ్మల్ని దేశం విడిచి పోనివ్వండి" అంది చివరికి.

రాజు పగలబడి నవ్వాడు. "పొండి! కనుమ దగ్గర ఒక్క సైనికుడినైనా పెట్టానా నేను? నాకు కావలి కాసేది మీ ముసలివాళ్ళు, మీ పసిపిల్లలు, మీ నెలలు నిండిన ఆడవాళ్ళు. వాళ్ళను ఎత్తుకుని ఆ కనుమ ఎవడూ ఎక్కలేడు. వాళ్ళను వదిలి ఎవడూ పోడు. ఇంతకంటే చవకైన కావలి ఏ రాజుకుంది?"

కుప్పమ్మ ఇంటికి వచ్చేసరికి వాకిట్లో తలారి ఉన్నాడు. వెంగమ్మ కోసం వచ్చాడు.

వెంగమ్మకు అప్పటికి నెలలు నిండాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. కుప్పమ్మ స్తంభం దాకా వెంటపడి తలారి కాళ్ళు పట్టుకుంది.

"తలారన్నా, దాని బదులు నేను వస్తాను. అది ఈ దేశపు పిల్ల కూడా కాదు. పరాయి ఇంటి కోడలు."

"నువ్వు సంచులు కుట్టాలి కుప్పమ్మా. రాజాజ్ఞ. ఈ నేల మీద నిలబడినవాళ్ళంతా రాజుగారి మనుషులే" అన్నాడు తలారి. పట్టీని కొన్ని బెజ్జాలు వదులు చేశాడు. కడుపు మీద ఒరుసుకోకుండా కిందికి సర్దాడు. చాలా జాగ్రత్తగా సర్దాడు, నొప్పిగా ఉందా అని కూడా అడిగాడు. తలారి క్రూరుడు కాదు. చెప్పిన పని శుభ్రంగా చేసే మనిషి. నాకు క్రూరులకంటే ఇలాంటివాళ్ళంటేనే ఎక్కువ భయం.

వెంగమ్మ ఆ కుట్టు చూసి గుర్తుపట్టింది. "అమ్మా, ఇది నువ్వు కుట్టిందేనా?" అని అడిగింది.

కుప్పమ్మ తల వంచుకుంది.

"ఒప్పింది" అన్నాడు తలారి.

కొండ మెట్లు ఎక్కుతున్న బారులో దాసప్ప కూతురి వెనకే నడిచాడు. ఆమె సంచిలోంచి ఒక్కొక్క రాయే తీసి తన సంచిలో వేసుకున్నాడు. కుప్పమ్మ నీళ్ళ ముంత పట్టుకుని పక్కన నడిచింది. కానీ మెట్లు మెట్లే. ఎండ ఎండే. సగం దూరం పోయేసరికి వెంగమ్మ కాలు తడబడింది. రాతి అంచు మీద కడుపు తగిలేలా పడింది.

బారంతా ఆగింది. ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టారు. బిడ్డ అక్కడే, ఆ మెట్ల మీదే పుట్టాడు. పుట్టినవాడు ఏడవలేదు. కుప్పమ్మ వీపు తట్టింది, ఊపిరి ఊదింది, పేర్లు పెట్టి పిలిచింది. వాడు ఏడవలేదు. వెంగమ్మకు మాత్రం నెత్తురు ఆగడంలేదు. వెంటనే కిందికి దించకపోతే ఆమె కూడా దక్కదని అక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు.

"లేవండి, లేవండి! నడవండి!" అని తలారి కొరడా ఎత్తాడు.

కుప్పమ్మ అతని వైపు చూడలేదు. కూతురి సంచి విప్పి రాళ్ళు కుమ్మరించింది. దాసప్ప సంచి లాక్కుని అదీ కుమ్మరించింది. ఒక సంచి కడియాల్లోంచి రెండో సంచి పట్టీలు దూర్చి, చీలలు బిగించి, రెండింటినీ ఒకటి చేసింది. అలా వాడవచ్చని ఆమెకు అంతవరకు తెలియదు. ఏడుస్తూనే చేసింది. ఆ జంటసంచిలో కూతుర్ని పడుకోబెట్టారు. రొమ్ము మీద బట్టలో చుట్టిన బిడ్డ. చెరో పట్టీ దాసప్ప భుజాన, కదిరప్ప నుదుటన.

"ఎక్కడికి? బరువు పైకి మోయాలి!" అని తలారి అడ్డం నిలబడ్డాడు.

"మోస్తూనే ఉన్నాం తలారీ. చూడు, సంచిలో బరువుంది" అన్నాడు దాసప్ప. అతని గొంతు అలా పలకడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. "పక్కకు తప్పుకో."

తలారి బారుకు కాపలాగా ఉన్న సైనికుల వైపు చూశాడు. వాళ్ళూ ఆ దేశపు పిల్లలే. ఒక సైనికుడి తల్లి అదే బారులో, నడుముకు సంచి కట్టుకుని వగరుస్తూ ఉంది. ఆ సైనికుడు బల్లెం కొండరాతికి ఆనించి, వచ్చి తల్లి నడుము మీది చీల ఊడదీశాడు. రాళ్ళు మెట్ల మీద దొర్లుకుంటూ పోయాయి. ఆ చప్పుడు వినగానే మిగిలినవాళ్ళు కూడా సంచులు కుమ్మరించడం మొదలుపెట్టారు.

కిందికి దిగాక ఎవరూ ఇళ్ళల్లో ఆగలేదు. వెంగమ్మకు నెత్తురు కట్టించి, మందు పోసి, ఆ జంటసంచిలోనే కనుమ వైపు నడిచారు. కుప్పమ్మ రాజు మాట అందరికీ చెప్పింది. ముసలివాళ్ళే ఆయన కావలి అని చెప్పింది. అప్పుడు ఒక మనవడు తాతను వీపున కట్టుకున్నాడు. ఒక తల్లి ఇద్దరు పిల్లల్ని ముందొకర్ని వెనకొకర్ని వేసుకుంది. మంచం పట్టినవాళ్ళను నలుగురు నాలుగు పట్టీలు పట్టి మోశారు. సంచి అందరికీ ఒప్పింది. ఇన్నాళ్ళూ ఎవరూ దాటలేని కనుమను దేశమంతా దాటింది. దారిలో ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను కూడా వదిలేసి పోలేదు. బిడ్డను మాత్రం కనుమ కొమ్మున రాళ్ళ కింద పెట్టారు.

ఉగ్రకేతుడు వార్త విని కొండ కిందికి వచ్చాడు. స్తంభం దగ్గర తలారి ఒక్కడే ఉన్నాడు.

"కోట ఇంకా సగమే అయింది" అన్నాడు రాజు. స్తంభానికి ఉన్న సంచి తీసి తలారి భుజాన వేశాడు. చీల కూడా మార్చనక్కరలేకపోయింది. తలారి మారుమాట లేకుండా మెట్లెక్కాడు, ఒంటరిగా, ఒళ్ళు విరిగేదాకా మోశాడు. ఒకనాడు మెట్ల మీద సంచి పడి ఉంది, తలారి లేడు. కోట సగంలోనే ఆగిపోయింది. రాజు ఏమయ్యాడని అడగడానికి ఆ దేశంలో ఎవరూ మిగల్లేదు.

కనుమ అవతల కుప్పమ్మ మళ్ళీ సంచులే కుట్టింది. బతకాలిగా, ఆమెకు తెలిసిన పని అదొక్కటే. కానీ ఎవరైనా సంచి కావాలని వస్తే ముందు కూర్చోబెట్టి అడిగేది: "ఇందులో ఏం మోస్తారు? ఎవరు మోస్తారు? మోయనంటే ఏం చేస్తారు?" పిచ్చిదనుకుని కొందరు వెళ్ళిపోయేవాళ్ళు. వెళ్ళనిచ్చేది.

వెంగమ్మ బతికింది. చాలాకాలం తల్లితో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది, పండగలకు వచ్చింది, ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది కూడా. కానీ తల్లి కుట్టిన సంచిని ఎన్నడూ భుజాన వేసుకోలేదు. కుప్పమ్మ వేసుకోమని అడగనూ లేదు.

పిల్లలూ, మోసేవాడికి పట్టీ సుఖంగా ఉందా అని చూడడం మంచిదే. కానీ ఆ బరువు వాడెందుకు మోయాలని ముందుగా అడగని మంచితనం, చివరికి మోయించేవాడికే పనికొస్తుంది.